పదిహేనో మెడ

ఇల్లు ఊడ్చాక కోడలు రోజూ చేసే రెండో పని మామగారి మెడలు తుడవడం. మామగారు ఒక్కరే, మెడలు మాత్రం పద్నాలుగు. ఇంటి వెనక వర్క్‌షాప్‌లో గోడకి కొట్టిన చెక్క అర మీద వరసగా నిలబడి ఉంటాయి. గడ్డం దగ్గర మొదలై భుజాల దగ్గర ఆగిపోతాయి. పైన రబ్బరు చర్మం. అది వలిస్తే రెండు పక్కలా తాళ్లలాంటి కండరాలు, వాటి చాటున ఎర్ర నాళం, నీలం నాళం, మధ్యలో ముందుకు పొడుచుకొచ్చిన కంఠమణి, దాని దిగువన సీతాకోకచిలుకలా రెక్కలు చాపుకున్న థైరాయిడ్ గ్రంథి, ఆ వెనక మెట్లు మెట్లుగా దిగే శ్వాసనాళం. వైద్యం చదివే పిల్లలు మెడ ముందుభాగం నేర్చుకునేది వీటి మీదే. ఆ ఎరుపులూ నీలాలూ ఆరేళ్లుగా వేస్తున్నది కోడలు. ఎవరైనా చూడటానికొస్తే మామగారు ఒకే మాట అంటారు: "మా కోడలు. ఊరికే కూర్చోదు, పొద్దుపోక రంగులేస్తూ ఉంటుంది." పొద్దుపోక! ఒక చెయ్యి పొయ్యి దగ్గర, ఒక చెయ్యి కుంచె మీద పెట్టుకుని, పొద్దెప్పుడు పొడిచిందో ఎప్పుడు గుంకిందో ఎరగని మనిషికి పొద్దుపోని జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకే తెలియాలి.

ఆయనకి కంఠతా వచ్చిన మాట ఇంకొకటుంది. "ముప్పై రెండేళ్ల కిందట అద్దం ముందు కూర్చుని, ఒంటిచేత్తో నా మెడ నేనే అచ్చు పోసుకున్నా. ఎంతమంది డాక్టర్లు నా కంఠమణి పట్టుకుని పైకొచ్చారో!" వచ్చినవాళ్లు నవ్వుతారు. వెనక గదిలో ప్లాస్టరు కలుపుతున్న అత్తగారు మాత్రం నవ్వదు. ఆవిడ చేతిలో గరిట చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆ ఆగడం కోడలు ఆరేళ్లుగా వింటోంది. దానికో అర్థం ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

ఆ సోమవారం డాక్టరమ్మ వచ్చింది. పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో వైద్యం చదివే పిల్లలకి పని నేర్పే ఆవిడ. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మీ బొమ్మ మీద మా పిల్లలు కళ్లు మూసుకుని గుంట పట్టేస్తారండీ. ఊపిరాడని మనిషికి అక్కడే కదా కోసి గాలికి దారి చెయ్యాలి, కంఠమణి కింద, ఉంగరంలాంటి మృదులాస్థి పైన, ఆ మెత్తటి గుంటలో. పోయినవారం ఒక ఆడమనిషిని తెచ్చారు. ముగ్గురు వెతికారు. కంఠమణి పైకి కనపడితేగా! నేను పరిగెత్తుకొచ్చేసరికి..." ఆవిడ ఆగి ఊపిరి తీసుకుంది. "బతికింది లెండి, త్రుటిలో. నాకు ఆడవాళ్ల మెడ కావాలి. నెలలో చేసి చూపించండి. కుదిరితే నలభై తీసుకుంటాం."

కాఫీ కప్పులు తెచ్చిన కోడలు ఆ మాట విని గుమ్మంలోనే నిలబడిపోయింది. నాళాలకి రంగు వేసేటప్పుడు సరిచూసుకోవడానికి ఆమె తన మెడ తడుముకుంటూ ఉండేది. బొమ్మలో ఉన్నది తన మెడలో ఎప్పుడూ తగిలేది కాదు. బొమ్మ తప్పేమో అని ఒక్కసారి కూడా తోచలేదు. తన మెడే తప్పనుకుంది. ఒకసారి భర్తని అడిగింది కూడా, నాకిక్కడ ఏమీ తగలడం లేదేంటండీ అని. "నీకేం తగుల్తుంది, నీలం పక్కకి కారుతోంది చూసుకో," అన్నాడు. ఆరేళ్లు! తన ఒంట్లోనే ఏదో లోటుందనుకుంటూ ఆరేళ్లు మామగారి మెడకి మెరుగులు దిద్దింది. తలుచుకుంటే ఒళ్లు మండింది, ఆ మంట వెనకే నవ్వు కూడా వచ్చింది.

డాక్టరమ్మ గేటు దాటకముందే మామగారు తేల్చేశారు. "దీనికింత రాద్ధాంతమా! ఆ కంఠమణి కణుపు అరగదీస్తే అదే ఆడమెడ."

"గరుకు కాయితం ఎక్కడ పెట్టావ్?" అన్నాడు భర్త.

"అరగదీస్తే చాలదేమోనండీ. లోపలి కట్టడమే వేరేమో. నా మెడ చూసి..."

"నీకెందుకు? నువ్వు రంగులేసుకో."

వేసుకుంది. కానీ ఆ వారమంతా ఆమె వేళ్లు మెడ మీదే ఉన్నాయి. కూర కలుపుతూ, జడ వేసుకుంటూ, నీళ్లు పడుతూ తడుముకుంటూనే ఉంది. పైనుంచి దిగితే దారి తప్పుతోంది. కంఠమణి ఆనవాలు లేకపోతే గడ్డం కింద అంతా ఒకేలా ఉంది. గురువారం పొద్దున గిన్నెలు తోముతుండగా, ఎదుర్రొమ్ము పైనున్న గుంట నుంచి ఎక్కితే పోలా అనిపించింది. తడి చేత్తోనే ఎక్కింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు, మధ్యలో మెత్తటి గ్రంథి, పైన మందంగా గట్టి ఉంగరం, ఆ పైన... ఆ పైన వేలికొస పట్టేంత గుంట!

"దొరికింది!" అని వంటింట్లో గంతేసింది.

"ఏం దొరికిందే?" అంటూ అత్తగారు వచ్చింది.

"నాకూ ఉంది అత్తయ్యా! ఇక్కడ, చూడండి!" అంటూ ఆవిడ చెయ్యి లాగి తన మెడ మీద పెట్టుకుంది. అత్తగారు వేలితో నొక్కి చూసింది. తర్వాత మెల్లగా తన మెడ కూడా వెతుక్కుంది. అరవై ఏళ్ల ఆ మొహంలో పదేళ్ల పిల్ల తొంగిచూసింది.

"రేపు వాళ్లిద్దరూ పార్శిల్ ఆఫీసుకి వెళ్తారు. బల్ల ఖాళీగా ఉంటుంది," అంది అత్తగారు.

మర్నాడు మధ్యాహ్నం కోడలు ఆ బల్ల మీద వెల్లకిలా పడుకుంది. అత్తగారు మెడకి వాసలీన్ పూసి, ప్లాస్టరు తడిపిన గుడ్డముక్కలు ఒక్కొక్కటే పరిచింది. ఆ చేతులు తడబడలేదు. ఎక్కడ పలచన, ఎక్కడ మందం అని ఆలోచించనైనా లేదు.

"గుటక వెయ్యకు. మాట్లాడకు. అచ్చు చెదురుతుంది. ఇప్పుడు వేడెక్కుతుంది, భయపడకు." నిజంగానే వేడెక్కింది. "ఆయనైతే మూడుసార్లు గుటక వేశాడు. మూడుసార్లు మొదటికొచ్చింది." కోడలి కళ్లు పెద్దవయ్యాయి. "మరేమనుకున్నావ్? తన మెడకి తనే పోసుకోవడం ఎవరివల్ల అవుతుంది? ఒంటిచేత్తో పోసిన మాట నిజమే. ఆ చెయ్యి నాది. రెండో చేత్తో నీ మొగుణ్ణి ఎత్తుకున్నా, పాలు తాగే పిల్లాడప్పుడు." గుడ్డ అంచు నొక్కుతూ, ఏమీ కానట్టే అంది: "ఎవరితోనూ అనకు. అలవాటైపోయింది."

మాట్లాడే వీలుంటే కోడలు అక్కడే అరిచేసేది. ఆరేళ్లుగా ఎన్ని మాటలు గుటక వేసిందో లెక్కలేదు, ఇవాళ గుటకే వెయ్యొద్దట! కంటి చివర నుంచి నీళ్లు చెవిలోకి జారుతుంటే కదలకుండా పడుకుని నిశ్చయించుకుంది. ఈ మెడ ఎవరిదో చెప్పే రోజునే, ఆ మెడలు ఎవరు పోసినవో కూడా బయటికి రావాలి.

లోపలి ముక్కలు తనే చెక్కింది. డాక్టరమ్మ ఇచ్చి వెళ్లిన పటాల్లో ఉంది, మగవాళ్లకి కంఠమణి రేకులు రెండూ ముక్కులా ముందుకు తేలి కలుస్తాయని, ఆడవాళ్లకి వెడల్పుగా పరుచుకుంటాయని. ఒక చేత్తో మెడ తడుముకుంటూ ఒక చేత్తో చెక్కుతుంటే అన్నం సంగతి గుర్తొచ్చేది కాదు. రంగులు వేసి, చర్మం తొడిగి, గోనెసంచి కింద దాచింది.

నెల తిరగ్గానే డాక్టరమ్మ వచ్చింది. భర్త అరగదీసిన మెడని బల్ల మీద పెట్టాడు. ఆవిడ కళ్లు మూసుకుని తడిమింది. "ఇది నున్నగా గడ్డం గీసుకొచ్చిన మగాడండీ. లోపల ఆయనే ఉన్నాడు."

ఆ మాట పూర్తయ్యేలోగా కోడలు గోనెసంచి లాగేసి, రెండోది తెచ్చి పక్కన పెట్టింది. "ఇదెక్కడిది?" అని భర్త అంటూనే ఉన్నాడు, డాక్టరమ్మ మళ్లీ కళ్లు మూసుకుంది. వేళ్లు పైనుంచి దిగాయి, తప్పాయి, ఆగాయి. కింద గుంటకి వెళ్లి మెట్టు మెట్టుగా ఎక్కాయి. వేలు ఆగింది.

"ఇదే!" డాక్టరమ్మ గట్టిగా నవ్వేసింది. "మా పిల్లలు ఇక్కడే తప్పుతారు! తప్పి, దారి తెలుసుకోవాల్సింది దీని మీదే! ఎవరిదండీ ఈ మెడ? ఎవరు పోశారు?"

మామగారు తడుముకున్నది ఒక్క క్షణమే. "మాదేనండీ. ముప్పై రెండేళ్ల కిందట అద్దం ముందు కూర్చుని..."

"నాదండీ," అంది కోడలు.

"మెల్లగా," అన్నాడు భర్త.

ఆమె డాక్టరమ్మ చెయ్యి తీసుకుని తన మెడ మీద పెట్టుకుంది. "సరిపోయిందో లేదో చూసుకోండి. ఇప్పుడు గట్టిగా పిలుస్తాను, ఎలా కదులుతుందో కూడా తెలుస్తుంది." వెనక గది వైపు తిరిగి, ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఎన్నడూ పిలవనంత గట్టిగా పిలిచింది. "అత్తయ్యా!"

గరిట చప్పుడు ఆగింది. ఈసారి మళ్లీ మొదలవలేదు. మోచేతుల దాకా తెల్లటి ప్లాస్టరుతో అత్తగారు గుమ్మంలోకి వచ్చింది.

"మెడ పోసిందెవరని అడుగుతున్నారు అత్తయ్యా."

అత్తగారు బల్ల వైపు చూసింది. మామగారి మొహంలోకి చూసింది. చేతులు చీరకి తుడుచుకుని, గోడ మీది అర వైపు చూపించింది.

"ఏది? ఇదా, ఆ పద్నాలుగా?"