ముప్పై ఏడో నంబరు బీటు

పొద్దున ఏడున్నరకి వంటింటి గోడ "అమ్మా, నా దువ్వెన ఎక్కడ పెట్టావే?" అని అడిగింది. కొడుకు గొంతు. అమ్మ టీ వడకడుతూనే "అద్దం వెనకాల చూడరా, రోజూ ఇదే గోల" అని జవాబు చెప్పింది. కొడుకు అలిగి ఇల్లు వదిలిపోయి నెల దాటింది. అయినా గోడ అడిగితే ఊరుకోలేదు ఆవిడ.

ఆ గోడ అంతే. ఇటు వంటిల్లు, అటు పాటల గది, మధ్యలో అది. ఏ వైపు ఏం వినబడినా దాచుకుని, సరిగ్గా నలభై ఒక్క రోజులకి, అదే గంటకి, అదే నిమిషానికి అప్పజెప్పేది. వద్దనుకుంటే రెండు దుప్పట్లు కప్పితే చాలు, నోరు మూసుకునేది. కుక్కర్ కూతల్లో ఇవాళ్టివెన్నో అప్పటివెన్నో తేలక అమ్మ నెలకో గిన్నె మాడ్చేది. అంతకు మించి దానితో ఎవరికీ ఇబ్బంది లేదు.

"ఇవాళ్టితో వాడి గొంతు అయిపోతుందే," అంది అమ్మ.

"నిన్నటితోనే అయిపోయిందమ్మా," అంది కూతురు, భుజాల నిండా వైర్లు వేలాడేసుకుని. "ఆ గొడవ మళ్ళీ వినలేకే కదా నిన్న గదికి తాళం పెట్టి పొద్దంతా ఊరు తిరిగొచ్చాను."

"మరి దువ్వెన అడిగాడుగా?"

"ఏదో పాత ముక్క మిగిలుంటుంది. నన్ను కదిలించకు, పదకొండింటికి రేడియో వాళ్ళు."

అమ్మ నిన్న బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతూ ఉంది కాబట్టి, గోడ ఏం చెప్పిందో ఏం చెప్పలేదో ఆవిడకీ తెలియదు. ఇవాళ సగం రోజు సెలవు పెట్టింది, కూతురి పాట కోసం కొంత, గోడ కోసం కొంత.

కూతుర్ని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. మనిషి పిడికెడు, గొంతు ఊరంత. అన్న డ్రమ్స్, ఇద్దరు గిటార్లు, తను పాట. ఆరేళ్ళలో ఆ బ్యాండు రెండొందల పన్నెండు ప్రోగ్రాములిచ్చింది. అందులో నూట తొంభైకి అన్న ఆలస్యంగా వచ్చాడు, ఆ లెక్కా పిచ్చుక దగ్గర ఉంది. కోరస్ కావాలంటే నలభై ఒక్క రోజుల ముందే గోడకి పాడిపెట్టుకునేవాళ్ళు. రోజులు లెక్కపెట్టే పని అన్నయ్యది. క్యాలెండర్లో డ్రమ్ము పుల్లతో రోజుకో చిల్లు పొడిచేవాడు.

తర్వాత పిచ్చుకకి సింథసైజర్ మీద మనసు పడింది. పాత సరుకే, కానీ ఒక్క పెట్టెలో బ్యాండంతా ఉంది. అన్న దాన్ని చూసి "దీనికి మణికట్టు లేదే" అన్నాడు. మాటా మాటా పెరిగింది. "నీ చేతులకంటే ఈ మెషీనే నయం. అలిసిపోదు, ఆలస్యంగా రాదు," అనేసి, చెప్పులు వేసుకుని విసవిసా వెళ్ళిపోయింది పిచ్చుక. సాయంత్రం తిరిగొచ్చేసరికి అన్న లేడు, అతని బట్టల సంచీ లేదు. మూలన డ్రమ్స్ మాత్రం ఉన్నాయి.

మర్నాడు పదకొండింటికి, పంతం కొద్దీ, గోడకెదురుగా నిలబడి ఒక్కతే మూడు వరసల కోరస్ పాడిపెట్టింది. ఆపైన మెషీన్లో బీట్లు ఒక్కొక్కటే నొక్కుతూ పోయింది. ముప్పై ఆరు దాకా రేకుడబ్బా మోతలే. ముప్పై ఏడు నొక్కగానే ఒళ్ళు జలదరించింది. ప్రతి నాలుగో దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యం, ఆఖరి మెట్టు ఎక్కబోతూ ఎవరో ఒక్క క్షణం ఆగినట్టు. దాని మీదే సొంత పాట కట్టి నెట్లో పెట్టింది. మూడు వారాల్లో రెండు లక్షల పద్నాలుగు వేల మంది విన్నారు. అందరూ ఆ బీటు గురించే అడిగారు. "మెషీన్లో ఉన్నదే," అనేది పిచ్చుక.

ఒక కచేరీల కంపెనీ ఇరవై రెండు ఊళ్ళు తిప్పుతామంది. షరతు ఒక్కటే: స్టేజీ మీద మనిషీ ఒక్కరే, పాటలో చెయ్యీ ఒక్కరిదే. ఇవాళ్టి రేడియో విని సంతకాలు పెడతారు. అన్న నుంచీ ఒక కబురు వచ్చింది, అమ్మకి: డెలివరీ వ్యాను తోలుకుంటున్నాననీ, డ్రమ్స్ కొనే మనిషిని ఈ రోజు పన్నెండింటికి తీసుకొస్తాననీ.

పదింటికి రేడియో నుంచి ఇద్దరు వచ్చారు. మైకులు బిగించే ఆయన ఎనిమిదింటికే పిచ్చుక దుప్పట్లు కప్పేసిన గోడని వేళ్ళతో తట్టి "ఎన్నాళ్ళది?" అన్నాడు.

"నలభై ఒకటి."

"మా అత్తగారింట్లోది పన్నెండు. ఒక్క మాట దాగి చావదు," అని నిట్టూర్చాడు.

పదకొండు కొట్టగానే మాట్లాడే ఆయన మైకు అందుకున్నాడు. "బ్యాండు లేదు, తోడు లేదు. రాసింది, వాయించింది, చివరికి కోరస్ పాడేదీ ఈవిడే. అంతా ఒక్కరే." పిచ్చుక నవ్వుతూ దుప్పట్లు లాగింది.

గోడలోంచి ముగ్గురు పిచ్చుకలు పాడాలి. పాడలేదు. టక టక మని ప్లాస్టిక్ మీట మీద వేళ్ళు తగిలిన చప్పుడొచ్చింది. తర్వాత అన్న గొంతు: "కాదు, కుదర్లేదు. మళ్ళీ."

పిచ్చుక చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది.

"ఎన్నోసారిరా ఇది?" ఇది గిటారు పొడుగోడి గొంతు. "అది నిన్ను అంత మాట అని పోతే, నువ్వు దానికే వాయించిపెడతావా?"

"ముప్పై ఆరూ విన్నాను. ఒక్కటీ దాని గొంతుకి ఆనదు. ఒక్కతే ఎలా పాడుతుందిరా?"

"మరి చెప్తావా?"

"చెప్తే వాడదు, మొండిఘటం. మెషీన్లోదే అనుకోనీ. ఖాళీ నంబరు ఏది, ముప్పై ఏడా? నొక్కు రికార్డు."

పిచ్చుకకి అప్పుడు తెలిసింది తప్పెక్కడో. పాటగాళ్ళ లెక్క ఒకటితో మొదలవుతుంది, మొదటి దెబ్బే ఒకటి. పాడిన రోజునే ఒకటి అనుకుంది తను. గోడకి ఆ రోజు సున్నా. క్యాలెండర్లో చిల్లులు పొడిచే మనిషి ఉంటే ఈ తప్పు జరిగేది కాదు. తను పాడిన కోరస్ రేపు వస్తుంది. ఇవాళ వస్తున్నది గొడవరోజు, తను చెప్పులు వేసుకుని పోయాక మిగిలిన రోజు.

మాట్లాడే ఆయన కప్పెయ్యమని రెండు చేతులా సైగ చేశాడు. కప్పితే ఇరవై రెండు ఊళ్ళు. గుమ్మంలో అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

గోడ "ఒకటి, రెండు, మూడు..." అంది.

ఆరేళ్ళుగా ఆ గొంతు మూడు అనగానే ఊపిరి పీల్చిన ఒళ్ళు. పిచ్చుక ఏమీ ఆలోచించలేదు. దుప్పటి జారిపోయింది, పాట బయటికొచ్చింది. మూడు నిమిషాల పది సెకన్లు గోడ వాయించింది, ఆమె గోడకేసి తిరిగి పాడింది. సింథసైజర్ మీద వేలు పెట్టలేదు.

పాట అయ్యాక మాట్లాడే ఆయన గొంతు సవరించుకున్నాడు. "మరి... ఒక్కరే అని చెప్పానమ్మా వినేవాళ్ళకి."

"లెక్క తప్పానండీ," అంది పిచ్చుక మైకులోకి. "ఇద్దరం. ఆ ముప్పై ఏడు మా అన్న వాయించాడు."

బల్ల మీద ఫోను గిలగిల్లాడింది. కచేరీల కంపెనీ నంబరు. దాన్ని బోర్లా పెట్టింది.

గోడలో అన్న "సరే, పోతాన్రా," అన్నాడు. తలుపు మూసిన చప్పుడు. మెట్లు దిగే అడుగులు: ఒకటి, రెండు, మూడు, వెంట్రుకవాసి ఆగి నాలుగు. అలా అలా సన్నగిల్లి ఆగిపోయాయి. అమ్మ వచ్చి గోడకి చెంప ఆనించింది. "అయిపోయిందే," అంది.

గోడ మరేం మాట్లాడలేదు. కానీ కాసేపటికి మళ్ళీ అడుగులు వినబడ్డాయి.

మైకుల ఆయన మీటరు చూసి తల అడ్డంగా ఊపాడు. "గోడలోంచి కాదు. బయట మెట్ల మీద."

"పన్నెండన్నాడుగా," అంది అమ్మ, నమ్మలేనట్టు గడియారం చూస్తూ. "ఇంకా పదకొండున్నరే. వీడు పుట్టి బుద్ధెరిగి ముందొచ్చింది ఎప్పుడు?"

పిచ్చుక చెవి రిక్కించింది. కొనే మనిషి అడుగులు లేవు. ఒక్కడివే. దిగేవి కాదు, ఎక్కేవి. ఒకటి, రెండు, మూడు.

ఆమె ఊపిరి పీల్చి ఆగింది, నాలుగోది వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తుందని తెలిసి.