వాయిదా బిళ్ళలు

ఫాల్గుణ మాసం రాగానే ఆ ఇంటి వంటగదిలో, పసుపు డబ్బా వెనక, ఒక బిళ్ళల అట్ట వచ్చి చేరేది. శ్రీరామనవమి దాటిన మర్నాడు ఖాళీ అట్ట పొయ్యిలో కాలిపోయేది. ఈ రాకపోకల సంగతి తనకు తప్ప ఇంట్లో మరెవరికీ తెలియదని ప్రసూన చాలా ఏళ్ళుగా నమ్ముతూ వచ్చింది.

పినపాకకు ఆవల, అడవి మొదలయ్యే చోట వాళ్ళ ఊరు. అత్తగారు భారతమ్మ కృష్ణా జిల్లా నుంచి కొత్త కోడలిగా ఆ ఊరు వచ్చిన ఏడే, పుట్టింటి ఇత్తడి పళ్ళెంలో వడ్లు పోసుకుని, ఒక్కో గింజ పొట్టును గోటితో ఒలిచి, భద్రాచలంలో రాముడి కల్యాణానికి తలంబ్రాలుగా పంపిందట. ఇప్పుడు ఆ వీధి ఆడవాళ్ళంతా నవమికి ముందు ఆమె సావిట్లో చేరుతారు. తలంటుకుని, తడి ఆరని జుట్టు ముడివేసుకుని, చాపల మీద కూర్చుని, రామనామం చెప్పుకుంటూ గింజలు ఒలుస్తారు. వడ్లకు రోకలి తగలకూడదు, మర తగలకూడదు, గింజ విరగకూడదు. అన్నిటికన్నా ముందు, బయట చేరిన ఆడది ఆ సావిడి గడప తొక్కకూడదు. ఈ చివరి నియమం ఎక్కడా రాసి లేదు. భారతమ్మ కళ్ళలో ఉంది.

అత్తగారి పక్కన కూర్చోవలసిన కోడలు మధ్యలో కనబడకుండా పోతే ఎందుకు పోయిందో వీధికంతటికీ తెలిసిపోతుంది. అందుకని బిళ్ళలు. నెల రాకుండా వాయిదా వేసే ఆ బిళ్ళలను ప్రసూన పినపాకలో అహ్మద్ పాషా గారి మందుల దుకాణంలో కొనేది. పాషా గారు పెద్దవారయ్యాక దుకాణం నడుపుతున్నది ఆయన కోడలు నజియా. ఫార్మసీ చదివిన పిల్ల. ప్రసూన మెట్లెక్కుతుండగానే అట్టను కాగితంలో చుట్టేసేది.

"మీ రాములోరి పెండ్లికి నా దుకాణం గూడ కట్నం చదివిస్తదక్కా," అని నవ్వేది. నవ్వడం అయ్యాక గొంతు తగ్గించి, "బీపీ చూపిచ్చుకుంటున్నవా? ఏటేటా గిట్ల మింగుడు మంచిది గాదు. కాలు వాసినా, పిక్క గుంజినా జల్దీ ఆపెయ్," అనేది. ప్రసూన తలూపేది. తలూపడం సులభం.

ఈ ఏడు అట్ట తొందరగా అయిపోయింది. లెక్క తప్పానేమో అనుకుని ఆమె మళ్ళీ దుకాణానికి వెళితే, "అప్పుడే అయిపోయినయా? ప్రసాదం లెక్క పంచుతున్నవా ఏంది?" అంది నజియా. ఆ హాస్యపు మాట ప్రసూనతోపాటు ఇంటి దాకా వచ్చింది. పొయ్యి దగ్గర దాచిన పాత అట్టను తీసి వెలుతురులో తిప్పి చూసింది. ఆమె బిళ్ళను వెనకనుంచి బొటనవేలితో నొక్కి తీస్తుంది. కొన్ని గదులు మాత్రం పైనుంచి గోటితో గీసి, రేకు ఒలిచి తీసినవి. పొడుగు గోరు, పదునైన గోరు. నవమి నెలలో ఆ వీధిలో ప్రతి ఆడదానికీ అలాంటి గోళ్ళే ఉంటాయి.

ప్రసూన అనుమానం నాగలక్ష్మి మీదికి పోయింది. దానికి కారణం ఉంది. ఎదురింటి నాగలక్ష్మి పోయిన ఏడు సావిట్లో గింజలు ఒలుస్తూ ఉండగా ఆమె కూర్చున్న చాప మీద మరక కనబడింది. భారతమ్మ గొంతు పెంచలేదు. "లే నాగలక్ష్మీ," అంది. అంతే. అందరూ చూస్తుండగా నాగలక్ష్మి లేచి, కొంగు వెనక్కి లాక్కుని, గోడ వారగా నడిచి వెళ్ళిపోయింది. ఆమె ఒలిచిన గింజలను ప్రసూనే తీసుకెళ్ళి కోళ్ళకు చల్లింది. ఈ ఏడు నాగలక్ష్మి అందరికన్నా ముందే తలంటుకుని వచ్చి కూర్చుంటోంది. మధ్యలో మజ్జిగ కలపడానికి వంటగదిలోకి వచ్చేదీ ఆమే.

"నాగలక్ష్మీ, పసుపు డబ్బా వెనక బిళ్ళలు నువ్వేమైనా తీశావా? తీస్తే తీశావులే. అడిగితే నేనే ఇచ్చేదాన్ని," అంది ప్రసూన ఆ మధ్యాహ్నం.

నాగలక్ష్మి కవ్వం ఆపింది. "ఏం బిళ్ళలక్కా?"

"అవే. వాయిదా బిళ్ళలు."

"నాకెందుకక్కా గవి?" అంటూ నవ్వింది నాగలక్ష్మి. "నాకు సంచి తీసేసిండ్రు గదా."

"ఏ సంచి?"

"ఏ సంచంటవేంది. గర్భసంచి. దీపావళి ఎళ్ళినంక ఖమ్మంల తీపిచ్చుకున్న. అమ్మోళ్ళింటికి పోయిన్నని అందరికి జెప్పింది గందుకే."

ప్రసూన చేతిలోని గరిటె గిన్నె అంచుకు తగిలి ఆగింది. నాగలక్ష్మి తనకన్నా పదేళ్ళు చిన్నది. ఆమె చిన్నకూతురు ఇంకా బడిలో చేరలేదు.

"ఎందుకు? ఏం రోగం వచ్చింది నీకు?"

"రోగమేం లేదు. పిల్లలైండ్రు, ఇగ దీనితోని ఏం పని అనుకున్న. పోయినేడు పెద్దమ్మ అందర్ల లేపింది గదా. నేను నడిసిపోతుంటె నా ఈపు మీద అందరి కండ్లు. గా దినం నించి నెల దగ్గరికొస్తె జాలు గుండె దడ. డాక్టరు సారును అడిగితె తీసేద్దమన్నడు, తీసిండు. ఇప్పుడు జూడు, ఏడాదంత మడే." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. నీడపట్టున నిలబడి ఉన్న మనిషికి పై పెదవి మీద చెమట బొట్లు కట్టాయి. "గని గిట్ల సెగలు పుడుతున్నయక్కా. ఒక్కపారి ఒళ్ళంత మండుకొస్తది, నిద్ర పట్టదు. సంచొక్కటే తీసిన్రో, ఇంకేమన్న తీసిన్రో, నేనడగలే."

ఆమె మళ్ళీ కవ్వం అందుకుంది. ఒక చాప మీది మరకను దాటడానికి ఒక మనిషి తన ఒంట్లోంచి ఒక అవయవాన్ని తీసి పారేసుకుని వచ్చి, ఎదురుగా నిలబడి, ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూస్తోంది.

ఆ పూట సావిట్లో కూర్చోబుద్ధి కాక, తలనొప్పి అని చెప్పి, ప్రసూన పెరటి కల్లంలోకి వెళ్ళింది. మిరపకాయలు ఎండుతున్నాయి. కాళ్ళతో సాళ్ళు తీస్తూ ప్రహరీ వారకు వచ్చేసరికి టార్పాలిన్ అంచు కింద ఏదో ఎత్తుగా తగిలింది. లేపి చూసింది. పాత పంచె నుంచి చింపిన గుడ్డపీలికలు, ఉతికి, కాయల కింద ఎవరికీ కనబడకుండా ఆరవేసినవి. ఉతికినా మరక పోలేదు. ఆ మడత తీరు ఏ ఆడదానికీ కొత్త కాదు. ప్రసూనకు కొత్తగా కనబడింది అంచు. సన్నటి ఆకుపచ్చ కంచి అంచు. మామగారు పిచ్చయ్య పోయాక ఆయన పంచెలన్నీ భారతమ్మ తన పెట్టెలో దాచుకుంది. ఆ పెట్టె తాళంచెవి ఆమె నడుము దిగదు.

ప్రసూన మిరపకాయల మధ్య అలాగే కూర్చుండిపోయింది. భారతమ్మకు డెబ్బై దాటాయి. ప్రసూన కాపురానికి వచ్చిన కొత్తల్లోనే ఆమెకు ముట్లుడిగాయి. "ఇక నేను ఏడాదంతా రాముడి మనిషిని," అని ఆనాడు పాయసం వండించింది.

అత్తగారి గదిలోకి వెళ్ళేసరికి ఆమె మంచం మీద ఇత్తడి పళ్ళెం ముందు పెట్టుకుని విరిగిన గింజలు ఏరుతోంది. ఈ మధ్య ఆ పళ్ళెంలో నూకలు ఎక్కువవుతున్నాయి. ప్రసూన చూసింది కానీ వయసు మీద పడిందనుకుంది.

"ఇవి మీవేనా అత్తయ్యా?"

భారతమ్మ ఆ పీలికల వైపు ఒకసారి చూసింది. "తలుపు వెయ్యి," అంది.

ప్రసూన తలుపు వేసింది.

"దసరా ముందు మొదలైంది. మొదట్లో చుక్కా చుక్కా. ఆగింది కదా అనుకుంటే మళ్ళీ వచ్చేది. ఇప్పుడు నడుము పట్టేస్తోంది, చేతులు వణుకుతున్నాయి. గింజ విరుగుతోందమ్మాయ్."

"మీ అబ్బాయికి చెప్పారా?"

"కొడుక్కి చెప్పే మాటా ఇది?"

"నాకైనా చెప్పొచ్చు కదా."

"ఏమని చెప్పను? ఈ వయసులో మళ్ళీ బయట చేరానని కోడలితో చెప్పనా? పోయిన ఏడు నాగలక్ష్మిని లేపిన నోరు కదమ్మా ఇది." ఆమె పళ్ళెం పక్కకు జరిపింది. "నువ్వు ఆ బిళ్ళలు మింగితే నీకు ఆగుతోంది. నాకూ ఆగుతుందనుకున్నాను. కొన్నాళ్ళు ఆగింది కూడా."

"బిళ్ళల సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు మొదలుపెట్టిన ఏడే. నాకు కళ్ళు లేవా? నవమి దాకా ఒక్కనాడూ చాప దిగని కోడలు ఎక్కడుంటుంది?"

"తెలిసే ఊరుకున్నారా? ఇన్నేళ్ళు?"

"నియమం తప్పలేదు కదా," అంది భారతమ్మ. అన్నాక తన మాట తనకే వింతగా వినిపించినట్టు తల దించుకుంది. "నవమి వెళ్ళనీ. తలంబ్రాలు పంపేశాక నువ్వు ఏ డాక్టరు దగ్గరికి రమ్మంటే అక్కడికి వస్తాను. అందాకా నోరు విప్పావా, రాముడి మీద ఒట్టు."

ప్రసూన మళ్ళీ కల్లంలోకి వెళ్ళి నజియాకు ఫోన్ చేసింది. ఒక పెద్దావిడకు అని మొదలుపెట్టి, ఎవరని చెప్పకుండా ఉన్నదంతా చెప్పింది.

"ముట్లుడిగి ఇన్నేండ్లైనంక నెత్తురు కనబడితె అది ముట్టు గాదక్కా," అంది నజియా. "లోపల ఏందో ఉన్నట్టు. కేన్సర్ గావొచ్చు, గాకపోవచ్చు. చూస్తెనే తెలుస్తది. నవమి దాక ఆగుతమంటె ఎట్ల? రేపే తోల్కపొండ్రి. ఆ బిళ్ళలు మింగితె నెత్తురు కనబడకుంట ఉంటది గంతే, రోగం దాని పని అది జేసుకుంటనే ఉంటది." మెల్లగా అడిగింది. "నా దుకాణంల బిళ్ళలేనా?"

"అవును," అంది ప్రసూన.

ఆ సాయంత్రం భర్త ఉదయ్ భాస్కర్‌తో, పొద్దున్నే కారు తీయాలనీ, ఖమ్మం పోవాలనీ మాత్రం చెప్పింది. "మిర్చి అమ్మడానికి ఎల్లుండి పోతున్నా కదా, అప్పుడు రారాదూ," అన్నాడు అతను. ఆమె మొహం చూసి, పొద్దున్నే తీస్తానన్నాడు.

తెల్లవారింది. సావిట్లో ఆడవాళ్ళంతా చేరారు. భారతమ్మ ఎప్పటిలాగే నడిమి చాప మీద కూర్చుని రామనామం అందించింది. ప్రసూన వెళ్ళి ఆమె వెనక వంగి, "కారు సిద్ధంగా ఉంది అత్తయ్యా," అంది చెవి దగ్గర. భారతమ్మ తల అడ్డంగా ఆడించి, నామం ఇంకొంచెం గట్టిగా ఎత్తుకుంది. ప్రసూన బతిమాలింది. మోకాలి మీద చేయి వేసింది. ఆ చేతిని అత్తగారు నెమ్మదిగా తీసి పక్కన పెట్టి, మరో గింజ అందుకుంది. వేళ్ళు వణికాయి. గింజ విరిగింది. దాన్ని ఎవరూ చూడకముందే కొంగు కింద దాచడం ప్రసూన చూసింది.

ఇక బతిమాలలేదు. నిటారుగా నిలబడింది.

"లేవండి అత్తయ్యా," అంది, అందరికీ వినబడేలా. "మీరు బయట ఉన్నారు."

నామం ఆగిపోయింది. మూల కూర్చున్న బాలి, "ఏందక్కా, పొద్దుగాల్నే పెద్దమ్మతోని పరాచికాలా?" అంటూ నవ్వబోయి, ప్రసూన మొహం చూసి నవ్వు సగంలో మింగేసింది. ఒక్కొక్కరి చేతులూ పళ్ళేల మీద అలాగే నిలిచిపోయాయి. భారతమ్మ కోడలి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో, మరేదైనా ఉందో ప్రసూనకు అర్థం కాలేదు. లేదని ఒక్క మాట అంటే అక్కడ ఎవరూ కాదనేవారు కాదు. తలంబ్రాల ముందు కూర్చుని ఆ మాట అనడం ఆమెకు చేతకాలేదు. అరచేయి నేలకు ఆనించి లేవబోయింది. నడుము సహకరించలేదు. మళ్ళీ కూలబడింది.

తాకాలో తాకకూడదో ఎవరికీ తెలియలేదు. ముందుగా కదిలింది నాగలక్ష్మి. వచ్చి, చంకల కింద చేతులు వేసి, భారతమ్మను లేపి నిలబెట్టింది. చాప మీద ఏముందో మిగిలినవాళ్ళు చూసేలోపే కాలితో దాన్ని సగానికి మడిచేసింది.

"నేనొస్త పట్టు. ఖమ్మంల దవాఖానాలు నాకెరుకే," అంది ప్రసూనతో.

"నువ్వు పోయినదానికి మాత్రం కాదు," అంది ప్రసూన.

వాళ్ళు గడప దాటుతుండగా వెనకనుంచి బాలి సందేహంగా అడిగింది. "మరి పెద్దమ్మ ఒలిసిన గింజలేం జెయ్యాలె?"

నాగలక్ష్మి వెనక్కి తిరిగింది. "ఇన్ని దినాలు ఒలిసినయన్ని మూటల కలిసినయ్. నీకు ఎరుకైతె ఏరు."

ఏరడానికి ఎవరూ లేవలేదు.

కారు మణుగూరు దాటేదాకా భారతమ్మ కిటికీలోంచి అడవిని చూస్తూనే ఉంది. ఉదయ్ భాస్కర్ నడుపుతున్నాడు. ముందు సీట్లో రేడియో ఏదో మెల్లగా పాడుతోంది. ఒక వైపు ప్రసూన, ఒక వైపు నాగలక్ష్మి, మధ్యలో ఆమె.

"నీకు తీసినప్పుడు నొప్పి పెట్టిందా?" అని అడిగింది, ఎవరి వైపూ చూడకుండా.

నాగలక్ష్మి ఆమె వైపు తిరిగింది. "అప్పుడు తెల్వలే పెద్దమ్మ. తర్వాత పెట్టింది."

"లోపల ఏ రోగమూ లేకుండానేనా తీయించుకున్నావు?"

"ఏం లేకుండనే."

భారతమ్మ ఒళ్ళో పెట్టుకున్న చేతుల కేసి, నెలంతా పెంచిన గోళ్ళ కేసి చూసుకుంటూ ఉండిపోయింది. కొంతసేపటికి ఒక చేయి తీసి నాగలక్ష్మి మోకాలి మీద పెట్టింది. ముందు సీట్లో ఉదయ్ భాస్కర్ చేయి చాచి రేడియో ఆపేశాడు.