గంప దించుకునే గోడ

బస్సు దిగి నడిచొచ్చిన బుల్లెమ్మ, నెత్తిమీది గంపను వంతెన పిట్టగోడ మీదికి జరిపి "అమ్మయ్య" అంది. మట్టగిడసల మీద పోసిన ఐసు కరిగి గోడ వెంబడి కారుతోంది. నాగాయలంకలో చేపలు కొని కాలువ అవతలి ఊళ్లో అమ్మే ఆమె, నలభై ఏళ్లుగా ఇక్కడే ఆగుతోంది. పొట్టి మనిషి. నడుము వంగిందిగానీ నోరు వంగలేదు.

దొరల కాలంలో కట్టిన కాంక్రీటు వంతెన అది. పక్కనే కొత్తది వచ్చాక దీనిమీద బళ్లు తిరగడం లేదు. కూల్చేయాలా, నడిచేవాళ్లకి ఉంచాలా తేల్చడానికి ఆ ఉదయం ఇంజనీరు సింధూర వచ్చింది. స్తంభాలన్నీ సుత్తితో తట్టి చూసింది.

"గట్టిగానే ఉంది. కానీ కొత్తదాని మీద నడకదారి ఉందిగా, మామ్మగారూ?"

"అక్కడన్నీ ఇనప గొట్టాలేనండీ. గంపెక్కడ దింపుకోను? నేలమీద దింపితే మళ్లీ ఎత్తే దిక్కెవరు?"

సింధూర నవ్వింది. బుల్లెమ్మకి ఒళ్లు మండింది. గంప కిందికి దింపించి, "ఎత్తండి చూద్దాం" అంది. చదువుకున్న పిల్ల మోకాళ్లదాకా లేపి వదిలేసింది. ఇద్దరూ కలిసి దాన్ని మళ్లీ గోడమీద పెట్టారు. ఈసారి సింధూర కాస్త వంగి తల ఆనించి ఇవతలికి లాగగానే గంప నెత్తికెక్కింది. చేపనీళ్లు మెడలోకి కారుతున్నా అలాగే నిలబడింది.

"మా ఎత్తు కొలిచి కట్టారండీ, ఏ మహానుభావులో!" అంది బుల్లెమ్మ కోపం మరిచిపోయి.

సింధూర టేపు తీసి గోడ ఎత్తు కొలిచి రాసుకుంది. "కూల్చొద్దనే రాస్తానండీ. రెండు చివర్లా దిమ్మెలు వేయిస్తే బళ్లు రావు."

ఆ రోజు బుల్లెమ్మ ప్రతి గుమ్మంలోనూ ఈ కబురు చెప్పింది. చేపల బేరం కంటే అదే ఎక్కువసేపు సాగింది.

సాయంత్రం ఖాళీ గంపతో వచ్చి, నెత్తిమీది గుడ్డచుట్ట తీసి గోడమీద పెట్టి, గోడకి ఆనుకుని కూర్చుంది. ఆమెతోపాటు చేపలమ్మే సుమతి వెనకే వచ్చి, "లే పిన్నీ, బస్సెళ్లిపోద్ది" అంది. బుల్లెమ్మ పలకలేదు. సుమతి ఆమె చెయ్యి పట్టుకుని చూసి గొల్లుమంది. ఒకరిచేత ఎత్తించుకోకుండా బతికిన మనిషిని ఆ సాయంత్రం నలుగురు ఎత్తాల్సి వచ్చింది.

నెల తిరిగేసరికి దిమ్మెలు వేశారు. గోడకి సున్నం కొట్టే కూలీలు ఒకచోట దేన్నో తీసేయబోతే, సుమతి "అది మా పిన్నిదండీ, ఉండనియ్యండి" అంది. వాళ్లు దాని చుట్టూ సున్నం కొట్టి ముందుకు జరిగారు. గంప ఒత్తకుండా నెత్తిన పెట్టుకునే, వెలిసిన చీరపేలికతో చుట్టిన చుట్టకుదురు తెల్లటి గోడమీద అలాగే ఉంది.