బంగారు అంచుకు పసుపు

నేను ఒక ర్యామ్‌ని. జానెడు కూడా లేని ఆకుపచ్చ పలక, అడుగున వరసగా బంగారు గీతలు, అంతే నా ఆకారం. కంప్యూటర్ ఏ పని చేసినా ఆ క్షణానికి కావలసినదంతా నా మీదే పరుచుకుని చేస్తుంది. నేను పలకకపోతే తెర మీద ఒక్క అక్షరం కూడా రాదు. గొప్పలు పోతున్నాననుకోకండి, ఆ గురువారం జరిగిన గొడవంతా దానివల్లే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

నేను పుట్టింది సముద్రాల అవతల, కళ్లు తప్ప ఏమీ కనబడకుండా ముసుగులు వేసుకున్న మనుషుల మధ్య. అక్కడ దుమ్ము కణం ఒక్కటి పడ్డా గోల. అంత మడిగా పెరిగిన నన్ను విజయనగరంలో కంప్యూటర్ సామాన్ల కొట్టు గురునాయుడు అద్దాల బీరువాలోంచి తీసి, ఉఫ్ఫని ఊది, చొక్కాకు తుడిచి హైమ చేతిలో పెట్టాడు.

"అన్నీ నానే బిగించి ఇచ్చీమంటారా మేడం?" అన్నాడు.

"వద్దండి, నేనే బిగించుకుంటాను" అంది హైమ. డిస్కులో కావలసినవన్నీ ఎక్కించి ఇస్తే చాలంది.

పెళ్లికి ముందు హైమ, డాక్టర్లు చెప్పేది చెవిలో వింటూ టైపు చేసే ఉద్యోగం చేసేది. పాప పుట్టాక మానేసింది. తొమ్మిదేళ్ల తర్వాత అలాంటి ఉద్యోగమే, ఇంట్లో కూర్చుని చేసేది, ప్రకటనలో కనబడింది. సొంత కంప్యూటర్ ఉండాలి. గురువారం మధ్యాహ్నం మూడింటికి పరీక్ష. ఆ వేళకి హాజరు కాకపోతే పేరు కొట్టేస్తారు, మళ్లీ అవకాశం ఇవ్వరు. పలాసలో రైల్వే డ్యూటీలో ఉన్న భర్త "షాపువాడి చేత పెట్టించుకో, నీకెందుకొచ్చిన తంటా" అన్నాడట. దాంతో ఆవిడకు పంతం పెరిగింది. వారం రోజులు వీడియోలు చూసి నోటుపుస్తకంలో బొమ్మలు వేసుకుంది.

గురువారం పొద్దున కంప్యూటర్ విడిభాగాలమైన మమ్మల్నందరినీ దుప్పటి మీద పరిచి, పాపను బడి దగ్గర దింపడానికి వెళ్లింది. అప్పుడొచ్చింది ఆవిడ అత్తగారు సింహాచలమ్మ, పసుపు కలిపిన గిన్నె పట్టుకుని. మిక్సీ కానీ సైకిల్ కానీ, ఇంటికి కొత్త వస్తువు వస్తే బొట్టు పెట్టందే ఎవరినీ ముట్టుకోనివ్వదట. ఇనప పెట్టెకు పెట్టింది, ఫ్యాను రేకుకు పెట్టింది. నా దగ్గరకొచ్చి ఆగింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. మెరిసే అంచు చూసి ఇదే నా గడప అనుకుందేమో, ఆ చివర్నుంచి ఈ చివరి దాకా తడి పసుపు నున్నగా రాసేసింది.

"నా కోడలికి ఈ ఉజ్జోగం రావాల, పైడితల్లీ" అని కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది.

ఏం చెప్పను నా పాట్లు! ఆ గీతలతోనే నేను వినేది, వాటితోనే బదులిచ్చేది. నోటికీ చెవులకీ ఒకేసారి గుడ్డ కుక్కినట్టయింది. పసుపు ఆరిపోయింది. బంగారం మీద పసుపు ఎవరి కంటికి ఆనుతుంది?

హైమ తిరిగొచ్చి, పెట్టె మీది బొట్టు చూసి నవ్వుకుని, పనిలో దిగింది. పదకొండున్నరకు మీట నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉండిపోయింది. మమ్మల్నందరినీ బిగించిన బోర్డు మీద, నా పక్కనే, చిన్న ఎర్ర దీపం వెలిగింది. లోపం ఇక్కడుంది చూడమ్మా అని బోర్డు మొత్తుకుంటోంది. "హమ్మయ్య, కరెంటు వస్తోంది" అనుకుంది హైమ. నాకు తల బాదుకోవాలనిపించింది.

అక్కడి నుంచి మొదలైంది. తెర తీగ మార్చింది. ప్రతి తీగా పీకి మళ్లీ గుచ్చింది. నన్ను రెండుసార్లు పైకి తీసి చూసి, పక్క గాడిలో టక్కుమనేదాకా నొక్కింది. నా అంచు ఆవిడ కళ్లకు బెత్తెడు దూరంలో ఉంది, అయినా కనబడలేదు. గురునాయుడు ఫోన్ ఎత్తడు. ఒంటిగంట దాటింది, అన్నం చల్లారిపోయింది. ఆవిడ నిమిషానికోసారి గోడ గడియారం చూస్తోంది.

"ఏటమ్మా, బొమ్మ రానేదేటి?" అంది సింహాచలమ్మ గుమ్మంలోంచి.

"తెలీట్లేదు అత్తమ్మా. నేనే ఏదో పాడు చేసినట్టున్నాను" అంది హైమ. ఆ తప్పు నీది కాదని చెప్పలేక నేను గిలగిలా కొట్టుకున్నాను.

రెండుంపావుకు గురునాయుడే ఫోన్ చేశాడు. ఏదో బడిలో పని మీద ఉన్నాడట. "ర్యాము తీసి రబ్బరుతో తుడిచి ఎట్టండి మేడం" అన్నాడు.

"కొత్తదేనండీ, దానికేముంటుంది?"

"కొత్తదైనా తుడవండి. సగం కంప్యూటర్లు అలాగే లెగుస్తాయి."

హైమ పాప పెన్సిళ్ల డబ్బాలోంచి రబ్బరు తెచ్చి నా అంచు మీద రుద్దింది. తెల్ల రబ్బరు పసుప్పచ్చగా అయింది. వాసన చూసింది. మెల్లగా అత్తగారి వైపు తిరిగింది.

"దీనికి పసుపు రాశారా అత్తమ్మా?"

సింహాచలమ్మ ముఖం పాలిపోయింది. "రాసినానమ్మా. మంచి జరగాలని రాసినాను. నానే సెడగొట్టీసినానా?"

హైమకు కోపం ఎంత వచ్చిందో నన్ను పట్టుకున్న వేళ్ల బిగువే చెప్పింది. అయినా, "డబ్బాలో ఇంకో రబ్బరుందేమో చూడండి" అంది. ఒకరు దీపం చూపిస్తుంటే ఒకరు రుద్ది, గీత గీత శుభ్రం చేశారు. రెండూ నలభైకి తెర వెలిగింది. మూడింటికి అయిదు నిమిషాలుందనగా హైమ పరీక్షలోకి వెళ్లింది. చేపలమ్మే మనిషి కేక వేయకుండా సింహాచలమ్మ వీధిలోకి పరుగెత్తి ఆపింది. సోమవారం ఉద్యోగం వచ్చినట్టు కబురొచ్చింది.

దాంతోపాటు ఒక నిబంధన. రోగుల సంగతులు ఇంకెవరి చెవినా పడకూడదు కనుక తొమ్మిది నుంచి అయిదు దాకా గది తలుపు మూసి ఉండాలి. పగలంతా ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. అంతవరకూ చిక్కుళ్లు ఒలిచినా, బట్టలు మడత పెట్టినా కబుర్లు తెగేవి కావు.

రెండో ఏడు నా స్థానంలోకి నాకంటే పెద్ద ర్యామ్ వచ్చింది. నన్ను బొత్తాల డబ్బాలో వేసి హాలు కిటికీలో పెట్టారు. ఇప్పుడు నేను తలుపుకు ఈవల ఉన్నాను. సింహాచలమ్మ టీవీ గొంతు పూర్తిగా తగ్గించి బొమ్మలు చూస్తుంది. ఎదురింటి వాళ్ల గేదె తప్పిపోయి దొరికిన వైనం, చెల్లెలి మనవరాలి పెళ్లిచూపుల కబురు, ఒక్కొక్కటీ కోడలికి చెప్పడానికి దాచుకుంటుంది. మరిచిపోకుండా లోలోపల వల్లె వేసుకుంటుంది. నాలుగున్నరకే టీ నీళ్లు పెట్టేస్తుంది.

అయిదింటికి తలుపు తెరుచుకుంటుంది. హైమ రెండు చేతులతో చెవులు నొక్కుకుంటూ బయటికొస్తుంది.

"ఓ గంట ఏం మాట్లాడించకండి అత్తమ్మా. పొద్దున్నుంచీ చెవుల్లో మాటలే."

"నానేటి మాటాడతానమ్మా" అంటుంది సింహాచలమ్మ. టీ గ్లాసు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి, వీధి అరుగు మీదికి వెళ్లి కూర్చుంటుంది.