దానిమ్మ పూత కోసిన శుక్రవారం

బుగీద్ నాకు చేసిన అన్యాయం నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా. ఏడు వారాలు లెక్కపెట్టి చేసుకునే వారాల పండక్కి, మా యూదుల పేట హారాలో ఉన్న మందిరానికి పచ్చకొమ్మలు కట్టే పని మా తాతది, మా నాన్నది, తర్వాత నాది. మందిరం పెత్తనం చేతికి రాగానే బుగీద్ దాన్ని తన అల్లుడికి కట్టబెట్టాడు. "నాలుగో తరగతితో బడి మానేసినవాడికి అలంకారం ఏం తెలుసు?" అన్నాడు, పదిమందిలో.

బడి మానేసిన మాట నిజమే. కానీ పండగ లెక్క నాకు తెలుసు. ఆ ఏడు పండగ శనివారం పొద్దుగూకాక మొదలు. అల్లుడేమో ఎప్పటిలాగే, పండగ ముందురోజు కొమ్మలు తెమ్మని బండివాడికి చెప్పాడు. ముందురోజంటే సబ్బాతు, శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నించి శనివారం పొద్దుగూకేదాకా మా విశ్రాంతి దినం! ఆ రోజు మేం కొమ్మ కొయ్యకూడదు, మాకోసం ఇంకొకడు కోసి తెచ్చినా వాడకూడదు.

శుక్రవారం మధ్యాహ్నం బుగీద్ రొప్పుకుంటూ నా తోటకొచ్చాడు.

"తమ్ముడూ, హువీతా..."

"నిన్నటిదాకా ఒరేయ్ అనేవాడివి. తమ్ముణ్ణి ఎప్పుడయ్యాను?"

"తర్వాత తిట్టుకో. మందిరం బోడిగా ఉంది. పొద్దుగూకితే ఇక ఏమీ చెయ్యలేం."

"నీ అల్లుడు చదువుకున్నాడుగా, పుస్తకాలు వేలాడదియ్యమను."

బావి దగ్గర్నించి మా ఆవిడ ఘజాలా అరిచింది: "ఆయన మొహం చూసి కాదు, మీ నాన్న మొహం చూసి కొయ్యండి!"

నా తోటలో పచ్చగా ఉన్నవి దానిమ్మలొక్కటే, అవీ నిండు పూతమీద. కొమ్మ కోస్తే కాయ పోయినట్టే. సగం చెట్లతో సరిపెడదామా అనుకున్నాను. కానీ మా నాన్న ఏనాడూ ఒక్క స్తంభాన్ని బోడిగా వదల్లేదు. పద్నాలుగు చెట్ల కొమ్మలూ కోసేశాను.

స్తంభాలకి ఈతనారతో మా తాత నేర్పిన ముడే వేశాను. కొమ్మల మొదళ్లకి కూజాలు కట్టి నీళ్లు అంచులదాకా పోశాను, మర్నాడు ముట్టుకోకూడదు కదా. సబ్బాతు దీపాలు వెలిగించకముందే నిచ్చెన దిగాను.

శనివారం రాత్రి జనం లోపలికొచ్చి తలలెత్తి చూశారు. ధర్మగ్రంథాల పెట్టె చుట్టూ ఎర్రటి పూలు, ఒక్కటీ వాడిపోలేదు. ముసలి రబ్బీగారు ఒక ముడిని వేళ్లతో తడిమి, "ఇది హువీతా చెయ్యి" అన్నారు గట్టిగా. బుగీద్ పక్కనే ఉన్నాడు, విన్నాడు.

మరుసటేడు నుంచీ ఆ పని మళ్లీ మాదే. ఆ ఏడు మాత్రం నా తోటలో ఒక్క కాయ పండలేదు. నాకు పోయింది అక్షరాలా నూట పన్నెండు దీనార్లు.