అత్తయ్య గదికి మేస్త్రి కావాలి

పెరట్లో తవ్విన గుంతలో వాననీళ్లు నిలిచి, అందులో కప్పలు కాపురం పెట్టిన రోజున టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! ఆ గుంత అత్తయ్య గదికి పునాది. అలాగని చెప్పే తవ్వించాడు ఆమె భర్త చిన్ననాటి స్నేహితుడు. కాంట్రాక్టరునని చెప్పుకు తిరిగే ఆ పెద్దమనిషికి ఒక ఊతపదం ఉంది. సిమెంటు ఎప్పుడొస్తుందని అడిగినా, కూలీలు ఏరని అడిగినా, గది ఎప్పటికి లేస్తుందని అడిగినా ఒకటే జవాబు: "అయిపోయిందనుకో చెల్లెమ్మా!" అనుకోవడం వీళ్ల వంతు, అవ్వడం ఎవరి వంతూ కాదు. గుంత తవ్వాక మనిషి పత్తా లేడు. అత్తయ్య అతనికి 'అనుకోబాబు' అని పేరు పెట్టేసింది.

అత్తయ్య నోటి పదును అలాంటిది. కానీ మెట్ల మీంచి జారి తుంటి ఎముక విరిగినప్పటి నుంచి కాలు మాత్రం ఆవిడ మాట వినడం మానేసింది; వాకరు పట్టుకుంటే గానీ అడుగు పడదు. పడగ్గదులూ స్నానాలగదీ మేడమీద. కింద ముందుగదిలో కుట్టు దుకాణం, దాని వెనక హాలు, ఆ వెనక వంటిల్లు. హాల్లో ఒక మూలకి తాడు కట్టి, దుప్పటి వేలాడదీసి, దాని చాటున మంచమూ, అవసరానికి ఒక కమోడు కుర్చీ వేశారు. కుట్టిన బట్టలు వేసి చూసుకోవడానికి వచ్చే ఆడవాళ్లు దుప్పటికి ఇవతల, అత్తయ్య అవతల.

"మంచినీళ్లు తాగారా అత్తయ్యా?" అంటే, "దాహం లేదే అమ్మాయ్" అనేది. రోజూ అదే మాట. చివరికి జ్వరం వచ్చి, డాక్టరమ్మ పరీక్షలు చేయించి, "ఈవిడ చుక్క నీళ్లు కూడా తాగుతున్నట్టు లేదే, మీరేం చేస్తున్నారు?" అని గట్టిగా మందలిస్తే అప్పుడు టైలరమ్మకు అనుమానం వచ్చింది. ఇంటికొచ్చి నిలదీసింది.

"ఏం చెప్పమంటావే," అంది అత్తయ్య. "దుప్పటి అవతల నలుగురూ మాట్లాడుకుంటూ ఉంటే ఆ కుర్చీ మీద ఎలా కూర్చోను? తాగకపోతే ఆ బాధే లేదు కదా."

అంత నోరున్న మనిషికి ఆ మాట అనేటప్పుడు గొంతు పీలగా వచ్చింది. టైలరమ్మకు తల కొట్టేసినట్టయింది. రోజంతా ఇంట్లోనే ఉండి, పక్కనే మిషను తొక్కుకుంటూ, ఈ సంగతి తనకు తెలియలేదే! "మీకు గది కడతాను అత్తయ్యా," అంది. "గడియ మీ చేత్తో మీరే వేసుకునే తలుపుతో."

మాట ఇవ్వడం తేలికే. మేస్త్రి దొరకాలిగా. దొరికిన అనుకోబాబు గుంత తవ్వి మాయమయ్యాడు.

"పోనీ ఇంకోసారి వాడికే చెప్పి చూద్దామా?" అన్నాడు భర్త. బస్సు డ్రైవరు. ఎంత రద్దీలోనైనా బస్సును పువ్వులా నడుపుతాడు గానీ, ఎదుటి మనిషికి కాదని చెప్పమంటే మాత్రం చెమటలు పడతాయి. "చిన్నప్పటి నుంచీ స్నేహం, బాధపడతాడేమో..." అంటూ నీళ్లు నమిలాడు.

"స్నేహం మీది, ఉంచుకోండి. గుంత నాది," అంది టైలరమ్మ.

ఆ రోజు నుంచి దుకాణానికి వచ్చిన ప్రతి మనిషినీ అడగడం మొదలుపెట్టింది. మెడ చుట్టూ టేపు వేసి కొలుస్తూ, "మీ ఇల్లు ఎవరు కట్టారండీ?" అనేది. టేపు మెడలో ఉండగా ఎవరు మాత్రం తప్పించుకుంటారు? చెప్పేవాళ్లు. కాకపోతే ఒకామె తన మరిది పేరు చెప్పేది, ఇంకొకామె తమ్ముడి తోడల్లుణ్ని పంపిస్తాననేది. అయినవాళ్లకు పని ఇప్పించుకునే తాపత్రయమే తప్ప, కట్టిన గోడ ఎలా ఉందో చెప్పే మనిషి కనపడలేదు.

వచ్చినవాళ్లందరినీ కూర్చోబెట్టి టైలరమ్మ ఒకే ప్రశ్న అడిగేది: "మీ పనిలో ఎప్పుడైనా తప్పు జరిగిందా? జరిగితే ఏం చేశారు?"

ఒకాయన ఫోను తీసి మెరిసిపోయే ఇళ్ల ఫోటోలు చూపించాడు. ఒకాయన, "తప్పా? నా సర్వీసులోనే లేదమ్మా!" అని ఛాతీ విరుచుకున్నాడు. ఇంకొకాయనకు మహా కోపం వచ్చింది. పిలిచి అవమానిస్తారా అని లేచి చక్కా పోయాడు. టైలరమ్మ ఎవరికీ పని ఇవ్వలేదు.

"ఏమిటే నీ పరీక్షలు! వాళ్లేం పెళ్లిచూపులకొచ్చారా?" అన్నాడు భర్త. ఆయనకు తలప్రాణం తోకకొచ్చింది.

"ఇన్నేళ్లుగా కుడుతున్నాను. ఇప్పటికీ వారంలో ఒక్కసారైనా కుట్టింది విప్పుతాను. అసలు విప్పనే విప్పనన్నవాడు తప్పు కుట్టును అలాగే వదిలేసే రకం. అలాంటివాడు కట్టిన గోడ పక్కన అత్తయ్యను ఎలా పడుకోబెట్టను?"

దుప్పటి చాటునుంచి అత్తయ్య గొంతు వినపడింది. "బాగా చెప్పావు అమ్మాయ్. వాడికి ఇంకో రెండు తగిలించు."

ఆ వారంలోనే హెడ్‌మాస్టరమ్మ జాకెట్టు లూజు చేయించుకోవడానికి వచ్చింది. మేస్త్రి మాట ఎత్తగానే ఒంటికాలి మీద లేచింది. "మా వంటిల్లు పెంచిన మనిషి ఒకడున్నాడు తల్లీ, వాడి జోలికి మాత్రం పోకు! ఎంతసేపూ సణుగుడే. ఏది చెప్పినా కుదరదంటాడు. పైగా నడుం ఎత్తు లేచిన గోడని, వంకర వచ్చిందంటూ వాడంతట వాడే పడగొట్టేశాడు. మాకు కనపడనైనా కనపడలేదు ఆ వంకర! దాంతో పని ఎన్నాళ్లు వెనకబడిందో చెప్పలేను."

టైలరమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. "ఆయన ఎక్కడ దొరుకుతాడు?"

"అయ్యో రాత! నేను వద్దంటుంటే..."

ముందు ఆ వంటిల్లు చూడటానికి వెళ్లింది. నున్నటి గోడలూ, రంగులూ ఆమెకు అక్కర్లేదు. బట్ట నాణ్యం లోపలికి తిరగేసి చూస్తేనే తెలుస్తుంది. లూజు చేసిన జాకెట్టుకు అతుకు ఎలాగో, పెంచిన ఇంటికి పాతగోడా కొత్తగోడా కలిసే చోటు అలాగు. స్టౌ వెనక ఆ మూలకి వెళ్లి, కుట్టును తడిమినట్టు బొటనవేలితో పైనుంచి కిందదాకా తడిమింది. పగులు లేదు, చెమ్మ లేదు. అన్ని వానలు దాన్ని తడిపి పోయినా అలాగే ఉంది. "వానలకు కారలేదా?" అని అడిగితే, "అదొక్కటి మాత్రం లేదులే," అని హెడ్‌మాస్టరమ్మ బలవంతాన ఒప్పుకుంది.

సణుగుడు మేస్త్రి ఒక గోదాము పనిలో దొరికాడు. తాపీ చేతిలో ఉంది, మొహం చిటపటలాడుతోంది. పక్కవాడు కలిపిన సిమెంటు మాలు పలచనైందని తిట్టిపోస్తున్నాడు. టైలరమ్మ పాత ఇంటికి గది అతకాలని చెప్పి, తన ప్రశ్న అడిగింది.

అతను తాపీ కిందపెట్టి ఆలోచించాడు. "పెద్ద తప్పు చెప్పమంటారా, చిన్నదా?"

ఎన్నాళ్ల తర్వాతో టైలరమ్మకు నవ్వొచ్చింది. "పెద్దదే చెప్పండి."

"ఒకరింట్లో స్నానాలగది వాలు తప్పాను. నీళ్లన్నీ వంటింట్లోకి పోయాయి. వేసిన పలకలన్నీ పెకిలించి మళ్లీ వేశాను. ఆ ఇంటావిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు." తాపీ మళ్లీ అందుకున్నాడు. "అయినా నాకు తీరిక లేదమ్మా. అతుకు పని తలనొప్పి. ఇంతకీ గది ఎవరికి?"

ఆమె చెప్పింది. కాలు సంగతీ, దుప్పటి సంగతీ, నీళ్ల సంగతీ. అతను ఇంటి గుర్తులు అడిగి, సాయంత్రం వస్తానన్నాడు.

అన్నట్టే వచ్చాడు. ముందు గుంత చూసి నెత్తి కొట్టుకున్నాడు. "పాత గోడ కాళ్ల కిందే తవ్వారు. ఇది ఇల్లు కట్టడానికా, కూల్చడానికా? ముందు దీన్ని పూడ్చాలి." తర్వాత హాల్లోకి వచ్చి, దుప్పటికి ఇవతలే ఆగి, "లోపలికి రావచ్చా పెద్దమ్మా?" అని అడిగాడు.

ఆ దుప్పటి దగ్గర నిలబడి రావచ్చా అని అడిగిన మొదటి మనిషి అతనే. కొడుకూ అడగలేదు, కోడలూ అడగలేదు. "రా నాయనా," అంది అత్తయ్య.

"ఏ చేతిలో బలం ఉంది మీకు?"

"ఎడమ. కుడిది ఉత్త అలంకారం."

"అయితే పట్టుకునే కడ్డీ ఎడమ పక్క. గడియా ఆ చేతికి అందేలా పెడతాను." ఆవిడను కూర్చోబెట్టి, నిలబెట్టి, చెయ్యి ఎంత ఎత్తుకు లేస్తుందో చూసి, గోడ మీద సుద్దతో గీత గీశాడు. అత్తయ్య ఒక్క జోకు కూడా వేయకుండా అతను చెప్పినట్టల్లా చేసింది.

గది లేస్తుండగా అనుకోబాబు ఊడిపడ్డాడు. ముఖం మాడ్చుకుని, "నాకు చెప్పకుండా వేరేవాడికిస్తారా? పైకప్పైనా నాకివ్వరా, అయిపోయిందనుకో!" అన్నాడు. టైలరమ్మ నోరు తెరవబోయింది. అంతలో భర్త, చెవులు ఎర్రబడిపోయి, "లేదురా. ఈసారి అనుకోను," అన్నాడు. అన్నాక ఆయనకే ఆశ్చర్యం వేసింది. ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తిన్నాడు.

అంతా బాగానే సాగింది. పాతగోడకూ ప్రహరీకీ మధ్య ఉన్న జాగా తక్కువ కాబట్టి, అత్తయ్య గదిలోనే కట్టిన చిన్న స్నానాలగదికి గుమ్మం వాకరు పట్టేంత, అటూ ఇటూ వేలు దూరేంత ఖాళీతో పెట్టారు. ద్వారబంధం నిలబెట్టి, తలుపు బిగించారు. అత్తయ్య తలదువ్వుకుని, వాకరు పట్టుకుని, చుట్టాలింటికి బయల్దేరినట్టు బయల్దేరింది. వాకరు రెండు పక్కలా కర్రకు తగిలి ఆగిపోయింది. ఇటు తిప్పారు, అటు తిప్పారు. ఉహూఁ.

"పోనీలే అమ్మాయ్," అంది అత్తయ్య. "నాకు అలవాటేగా." వాకరు వెనక్కి తిప్పుకుంది.

ఆ మాటకి టైలరమ్మ గుండె కలుక్కుమంది. ఆ బాధంతా మేస్త్రి మీద విరుచుకుపడింది. "మిమ్మల్ని నమ్మాను కదండీ! ఊరంతా జల్లెడ పట్టి మిమ్మల్ని తెచ్చుకున్నాను! ఇదా మీరు చేసింది?"

మేస్త్రి తన ఇనుప టేపుతో గుమ్మం కొలిచాడు. చెప్పిన కొలతే. వాకరు కొలిచాడు. చెప్పిన కొలత కాదు. "నేను కొలతలకు వచ్చిన రోజు ఇది రిపేరుకెళ్లింది. తిరిగొచ్చాక ఫోన్లో అడిగితే మీరు కొలిచి చెప్పారు. దేంతో కొలిచారు?"

మెడలో ఉన్న టేపు తీసి చూపించింది. అతను దాన్ని బల్ల మీద పరిచి, పక్కనే ఇనుపది పరిచాడు. మొదట్లో గీతలు సరిగ్గానే కలిశాయి. పోనుపోను ఆమె టేపు గీతలు ముందుకు జరిగిపోయాయి. లాగి లాగి ఏళ్ల తరబడి వాడిన గుడ్డ టేపు. సాగిపోయింది.

టైలరమ్మ కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్లలో ఒక్క జాకెట్టూ బిగుతు కాలేదు, ఒక్క చొక్కా లూజు కాలేదు. ఎందుకవుతుంది? మనిషిని కొలిచిందీ దీంతోనే, గుడ్డ కత్తిరించిందీ దీంతోనే. టేపు చెప్పే అబద్ధం రెండు చోట్లా ఒకటే కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇనుప టేపు పక్కకొచ్చాకే బయటపడింది. వచ్చినవాళ్లందరినీ మీ తప్పేమిటని నిలదీసిన మనిషి మెడలోనే ఉందన్నమాట తప్పు.

"తప్పు నాది," అంది. "మిమ్మల్ని అనరాని మాటలన్నాను."

"మీదెలా అవుతుంది? వాకరు ఇంటికొచ్చాక నేను కొలుచుకోవద్దూ? నాది."

"నాదంటుంటే మీరేమిటండీ!"

"నా గుమ్మానికి మీ తప్పేమిటమ్మా!"

"మీ ఇద్దరూ తేల్చుకునేలోగా నేను పోయేలా ఉన్నాను," అంది అత్తయ్య.

మేస్త్రి సణుక్కుంటూనే సుత్తి అందుకున్నాడు. బిగించిన తలుపు ఊడింది, ద్వారబంధం ఊడింది, గది వైపు గోడ కొంత రాలింది. టైలరమ్మ కూడా పమిట నడుముకు బిగించి ఇటుక ముక్కలు ఎత్తిపోసింది. ఈసారి గుమ్మం నిలబెట్టే ముందు వాకరు అక్కడే ఉంచి, అత్తయ్యను పట్టించి మరీ కొలిచారు. టైలరమ్మ పాత టేపును మేకుకు తగిలించేసి కొత్తది కొనుక్కుంది.

సిమెంటు ఆరాక, అత్తయ్య మళ్లీ బయల్దేరింది. వాకరు దేనికీ తగలకుండా లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. ఎడమచేతి ఎత్తున గడియ పడిన చప్పుడు హాల్లో ఉన్న ముగ్గురికీ వినపడింది. మేస్త్రి గోడ కేసి చూస్తూ నిలబడ్డాడు. భర్త కిటికీ కేసి తిరిగాడు. టైలరమ్మ ముక్కు ఎగబీల్చి, మూల తాడుకు వేలాడుతున్న దుప్పటి లాగి మడతపెట్టడం మొదలుపెట్టింది.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్," అంది. "దాహంగా ఉందే. చెంబు నిండా తీసుకురా."

టైలరమ్మ పొర్లిపోయేలా నింపి తెచ్చింది. అత్తయ్య ఎత్తిన చెంబు దించకుండా తాగింది.