ఎర్రమూతి బోరింగు

ఆ పటం గీసింది నేనే. తప్పు ఇంకెవరి మీదకూ నెట్టను.

మా ఊళ్ళో బోరింగుల మూతికి రంగు వేసి ఉంటుంది. పరీక్షలో నీళ్ళలో ఆర్సెనిక్ విషం ఉందని తేలితే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. ఎరుపు కళ్ళెదుట ఉన్నా జనం హాయిగా బిందెలు నింపుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. అందుకే నేను చదువు చెప్పే బడి వరండాలో పాము నిచ్చెనల పటం గీశాను. ఎర్ర బోరింగు గడిలో పాము, ఆకుపచ్చ గడిలో నిచ్చెన. నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలిచే పిల్లలు ఎగబడి ఆడారు. వారం తిరక్కుండా ఇళ్ళలో పెద్దవాళ్ళకే పాఠాలు చెప్పారు. నేను తెగ మురిసిపోయాను.

నాలుగో తరగతి షెఫాలి ఇంటి బోరింగు ఎర్రది. ఆ పిల్ల బుద్ధిగా మసీదు దగ్గరి ఆకుపచ్చ బోరింగు దాకా నడిచి నీళ్ళు తెచ్చుకునేది. అయినా తోటి పిల్లలు వదల్లేదు.

"పామింటి పిల్ల వచ్చిందిరోయ్, జరగండి!" అన్నాడు వాళ్ళ తరగతి రౌషన్.

నేను గదిమాను.

"మీరే కదా ఆపా, పామని చెప్పారు?" అన్నాడు.

రంజాను సెలవుల తర్వాత షెఫాలి ఇంటి మూతి ఆకుపచ్చగా కనబడింది. "నీళ్ళు మళ్ళీ పరీక్ష చేశారు ఆపా" అంది. నమ్మాను. తరగతిలో చప్పట్లు కొట్టించాను. ఆటల గంటయ్యాక పిల్లలందరినీ అక్కడికే నీళ్ళకు పంపాను, నేనూ తాగాను.

నెల తర్వాత బడి బీరువాలో పటానికి వాడిన రంగు డబ్బాలు సర్దుతుంటే ఆకుపచ్చది ఖాళీగా ఉంది. పరుగున షెఫాలి ఇంటికి వెళ్ళాను. షెఫాలి బోరింగు కొడుతోంది, రౌషన్ దోసిలి పట్టాడు. వాడి చేతులు లాగేసి ఇంటికి పంపించాను.

"నువ్వే వేశావు కదూ?"

తల ఊపింది.

"మరి నువ్వు ఏ నీళ్ళు తాగుతున్నావే?"

"ఇవే ఆపా. నేను తాగకపోతే వాళ్ళకి అనుమానం రాదూ?"

నాకు ఏడుపు ఆగలేదు. బడికెళ్ళి ఎర్ర డబ్బా తెచ్చాను. షెఫాలి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బడి పరీక్షలయ్యాక వెయ్యండి ఆపా. ఇప్పుడిప్పుడే నన్ను ఆటకి పిలుస్తున్నారు."

చెయ్యి విడిపించుకుని వేశాను. మర్నాడు షెఫాలి బడికి రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.